తాలంటే తాలే

పార్లమెంటు సభ్యుడి దగ్గర కార్యదర్శిగా చేరబోతున్న ఒక అమ్మాయి ఈమధ్య బ్రాడీపేటలో మా ఇంటికి వచ్చింది. రాజనీతి శాస్త్రంలో పీజీ చేసింది. "అంకుల్, చేరేముందు ఏం చదువుకుంటే మంచిది?" అని అడిగింది. పెళ్ళిపత్రికలు చదవడం నేర్చుకోమన్నాను. తమాషా చేస్తున్నాననుకుని నవ్వింది. నేను తమాషా చేయలేదు. ముహూర్తం రాత్రా తెల్లవారుజామా, మండపం ఏ ఊళ్ళో, పిలిచింది ఆడపెళ్ళివారా మగపెళ్ళివారా, ఆ ఇద్దరిలో మన పార్టీవాళ్ళు ఎవరు అన్నది పత్రిక చూడగానే చెప్పగలిగితే సగం ఉద్యోగం వచ్చినట్టే. మిగతా సగం గురించి చెప్పేలోపు ఆ పిల్ల ఆటో వచ్చేసింది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఉద్యోగం సంగతి

నేను పనిచేసినంత కాలం ఒక్క ఎంపీ గారి దగ్గరే పనిచేశాను. నియోజకవర్గమంతా ఆయన్ని పెద్దాయన అనేది. నేనూ అలాగే అంటాను. వినుకొండ అవతల పల్లెటూరు ఆయనది. మిరప, పత్తి పండించే కుటుంబం. తెల్ల పంచె, తెల్ల చొక్కా, మైకు అక్కర్లేని గొంతు. ఇంగ్లీషు బాగానే వచ్చు కాని మాట్లాడితే నోరు చప్పబడుతుందనేవారు. నేను బడిపంతులు కొడుకుని, పురోహితుడి మనవడిని. నేను ఒక్కడికి పాఠం చెప్పింది లేదు, ఒక్క పెళ్ళి చేయించింది లేదు. అయినా రైతులు నన్ను పంతులుగారూ అనే పిలిచేవారు. పెద్దాయన మాత్రం శాస్త్రీ అనేవారు.

చట్టసభ సభ్యుడి పని చట్టాలు చేయడమని పుస్తకాల్లో ఉంటుంది. నిజమే, చేస్తారు. అవునన్నవాళ్ళు అవునంటారు, కాదన్నవాళ్ళు కాదంటారు, ఎవరు ఏమనాలో పార్టీవాళ్ళు ముందే చెబుతారు. వ్యవసాయం మీద జాతీయ విధానం ఎలా ఉండాలో పెద్దాయన భోజనం మానేసి మరీ మాట్లాడగలరు. కాని పొద్దున్నే గుమ్మం ముందు నిలబడే జనంలో జాతీయ విధానం గురించి అడిగినవాణ్ణి నేను చూడలేదు. వాళ్ళు అడిగేది మురుగు కాలవ, రైలు టిక్కెట్టు, మరదలి బదిలీ, ఆసుపత్రిలో పడక. వీటిలో ఒక్కటీ ఎంపీ చేతిలో ఉండదు. కాలవ పంచాయతీది, బదిలీ రాష్ట్రానిది, పడక డాక్టరుది. ఎంపీ చేతిలో ఉండేది ఒక్క ఫోను. ఆ ఫోను నా చేతిలో ఉండేది.

కొత్తగా చేరేవాళ్ళు ఈ రెంటిలో ఒకటి గొప్పది, ఇంకొకటి తక్కువది అనుకుంటారు. ఢిల్లీ పని గొప్పదని, కాలవ పని తక్కువదని. నేనూ కొన్నేళ్ళు అలాగే అనుకున్నాను. రెండూ ఒకటే పని అని నాకు అర్థమయ్యేలా చేసింది అంజమ్మ అనే ఒక కౌలు రైతు. ఆమె దగ్గరికి వచ్చేముందు ఒక మాట గురించి చెప్పాలి.

చూద్దాం

అవునంటే చేయాలి. కాదంటే ఓటు పోతుంది. చూద్దాం అంటే రెండు బాధలూ లేవు. మా వృత్తి మొత్తం ఈ మాట మీద నిలబడి ఉంది.

పెద్దాయన ఈ మాటను చాలా రకాలుగా అనేవారు. చూద్దాంలే అంటే కాదని. చూద్దాం చూద్దాం అని రెండుసార్లు అంటే అసలు విననే లేదని. భుజం మీద చెయ్యివేసి చూద్దాం అంటే, వచ్చినవాడు మన మనిషి, పని మాత్రం కాదు అని. ఇక నావైపు తిరిగి, "శాస్త్రీ, చూద్దాం" అంటే మాత్రం నిజంగానే ఒక ఫోను చేయాలి. చేరిన కొత్తలో ఈ తేడాలు తెలియక అందరికీ ఫోన్లు చేసేవాణ్ణి. కలెక్టరాఫీసులో నా గొంతు వింటేనే పెట్టేసే స్థితి వచ్చాక నెమ్మదిగా నేర్చుకున్నాను.

ఇదే మాటను కాగితం మీద పెడితే "పరిశీలనలో ఉంది" అవుతుంది. ఢిల్లీ నుంచి మాకు అదే వచ్చేది, మా దగ్గరి నుంచి జనానికి అదే వెళ్ళేది. టౌనువాళ్ళకు ఈ భాష బాగా తెలుసు. వాళ్ళు చూద్దాం అని వినగానే నమస్కారం పెట్టి ఇంకో నాయకుడి ఇంటికి వెళ్ళిపోయేవారు. ఎవరూ ఎవరినీ మోసం చేసినట్టు కాదు. ఆ మాటను మాటగానే తీసుకునే మనిషి ఎదురుపడనంత కాలం ఏ ఇబ్బందీ లేదు.

అంజమ్మ

ఆ ఏడు మాఘమాసంలో, కాయ కోసి కల్లాల్లో ఆరబోసిన వేళకు వాన పట్టుకుంది. మబ్బు విడవలేదు. ఎర్రగా ఉండాల్సిన మిరపకాయ తెల్లబోయింది. ఆ కాయను మా వైపు తాలు అంటారు. రంగు పోతుంది కాని కారం ఎక్కడికీ పోదు. మిరప యార్డులో దానికి వేరే కుప్ప, వేరే ధర. దాన్ని కొనేవాళ్ళూ వేరే, కారప్పొడి ఆడించేవాళ్ళు. ఆ ఏడు మంచి కాయకే ధర పడిపోయింది, ఇక యార్డులో తాలును అడిగే నాథుడు లేడు.

ధర పడినప్పుడు కేంద్రం ఆదుకునే పథకం ఒకటి అప్పుడే ప్రకటించారు. కాకపోతే నాణ్యమైన రకానికే వర్తిస్తుందన్నారు. తాలు ఊసు లేదు.

అంజమ్మ వచ్చింది పెద్దాయన గుంటూరు ఇంట్లో ఉన్న రోజున. పెద్దాయన ఊరి పక్క ఊరే ఆమెది. నలభై దాటిన మనిషి, గట్టిగా మాట్లాడుతుంది. లోపలికి వస్తూనే చెంగున కట్టుకొచ్చిన కాయ టీపాయి మీద పోసింది. పెద్దాయన పక్కనున్న ఇంగ్లీషు పేపరు మీద కూడా కొంత పడింది.

"ఇదయ్యా నా కాయ. సగానికి సగం తాలే. మీ పథకంలో తాలు కొంటారా, కొనరా?"

"కూర్చో అమ్మా."

"కూర్చుంటాగానీ ముందు ఇది చెప్పండి. ఊళ్ళో యాపారి అడుగుతున్నాడు. సగం ధరకే అడుగుతున్నాడనుకోండి. మీరు కొనరంటే ఇయ్యాలే వాడికి ఇచ్చేసి కౌలు కట్టేసుకుంటా. ఉగాదికి చేను మళ్ళీ నాకే ఇస్తానన్నాడు ఆసామి. కట్టకపోతే ఇంకోళ్ళకి ఇచ్చేస్తాడు. అప్పుడు నేనూ మా ఆయనా చీమకుర్తి క్వారీలకి పోవాల్సిందే. మాకు ఇంకో దారి లేదు."

ఆమె అడిగింది సాయం కాదు. అవునా కాదా అని మాత్రమే. నా ఉద్యోగంలో ఇంత చిన్న కోరిక కోరినవాళ్ళు చాలా తక్కువ.

పెద్దాయన ఒక కాయ తీసి చిదిమి వాసన చూశారు. రైతు మనిషి, ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. "తాలు పండించినోడు రైతు కాడా? వచ్చే వారం సభలో నేను దీని మీదే మాట్లాడుతున్నానమ్మా. నువ్వు ఆగు. చూద్దాం" అన్నారు.

"చూడమంటారా?"

"చూడు."

"సరేనయ్యా. చూస్తా" అని అంజమ్మ లేచింది. కాయ అక్కడే వదిలేసి వెళ్ళింది. నేను దాన్ని బిస్కెట్ డబ్బాలో పోసి పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు, పారేయడానికి మనసొప్పలేదు.

సభలో

పెద్దాయన తెలుగులో మాట్లాడతానన్నారు. అలా మాట్లాడాలంటే ముందుగా చెప్పాలి, ప్రసంగం పాఠం కూడా పంపితే మంచిది. అప్పుడు అనువాదకులు సిద్ధంగా ఉంటారు. పాఠం పంపాను. మర్నాడు అనువాదకురాలు ఫోను చేసింది. గోదావరి జిల్లా ఆవిడ, మర్యాదస్తురాలు. పెద్దాయన పక్కనే ఉన్నారని ఫోను ఆయనకే ఇచ్చాను.

"అంతా బానే ఉందండి. ఇందులో తాలు అని ఉంది కదండీ. తాలంటే తాలే కదండీ?"

"తాలంటే తాలే తల్లీ. వేరే తాలు యాడుంది?"

"అంతేలెండి. ఉంటానండి."

ఆమె పుట్టింది వరి దేశంలో. అక్కడ తాలు అంటే గింజ పట్టని ఉత్త పొట్టు, తూర్పార పడితే గాలికి పోయేది. మా వైపు కూడా వడ్ల దగ్గర తాలు అంటే అదే. మిరప కల్లంలో నిలబడి అంటే వేరు. మాట ఒకటే, దాని అర్థం మాత్రం మనిషి ఏ పంట పక్కన పెరిగాడన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇద్దరు తెలుగువాళ్ళు ఒక తెలుగు మాట గురించి తెలుగులో మాట్లాడుకున్నారు, ఇద్దరూ చెప్పింది నిజమే, ఇద్దరికీ సందేహం తీరిపోయింది. ఈ ఉద్యోగంలో జరిగే పొరపాట్లు ఇలాగే ఉంటాయి. అర్థం కాని మాటను ఎవరైనా అడుగుతారు. అర్థమైపోయిందనుకున్న మాట దగ్గరే పని చెడుతుంది.

ఆ రోజు నేను గ్యాలరీలో ఇయర్‌ఫోను పెట్టుకుని కూర్చున్నాను. పెద్దాయన లేచి, "అధ్యక్షా, మా రైతుల తాలు కూడా ప్రభుత్వమే కొనాలి. తాలు పండించినవాడు రైతు కాడా?" అని గర్జించారు. నా చెవిలో ఇంగ్లీషులో, చాలా మంచి ఇంగ్లీషులో, మా రైతుల పొట్టు కూడా ప్రభుత్వమే కొనాలని, పొట్టు పండించినవాడు రైతు కాడా అని వినిపించింది. సభ నవ్వింది. అన్ని వైపుల నుంచీ బల్లలు చరిచారు. ఆ చప్పుడుకు పెద్దాయనకు ఇంకా ఊపు వచ్చి, "ఈ దేశ ప్రజలు మా తాలు తినే బతుకుతున్నారు అధ్యక్షా" అని ఇంకో మాట కూడా అన్నారు.

మంత్రిగారు చాలా మర్యాదగా జవాబిచ్చారు. గౌరవ సభ్యుల ఆవేదనను గౌరవిస్తున్నామని, ఐతే పొట్టు కొనే విధానం ప్రస్తుతానికి ఏ దేశంలోనూ లేదని, పశువుల మేతగా వాడుకునే అవకాశాన్ని పరిశీలించవచ్చని చెప్పారు.

బయటికొచ్చిన పెద్దాయన మొహం వెలిగిపోతోంది. "చూశావా శాస్త్రీ? ప్రతిపక్షం వాళ్ళు కూడా బల్లలు చరిచారు."

నేను సంగతి చెప్పాను. ఆయన నమ్మలేదు. "పొట్టు అనుకుంటే బల్లలెందుకు చరుస్తారయ్యా?"

"అందుకేనండీ చరిచింది."



కొన్నాళ్ళకు ఒక ఉత్తరం వచ్చింది. మా విజ్ఞప్తిని వ్యవసాయం నుంచి వేరే శాఖకు పంపించామని, అక్కడ పంట వ్యర్థాలతో కరెంటు తయారుచేసే ఆలోచన ఉందని అందులో రాశారు. దాంతోపాటు ఒక రంగుల పుస్తకం పెట్టారు. దాని అట్ట మీద గడ్డివాము, సూర్యోదయం ఉన్నాయి.

అంజమ్మ మధ్యమధ్యలో ఫోను చేసేది. "పంతులుగారా, అయ్యగారు చూడమన్నారు, చూస్తున్నా. ఏమైనా తేలిందా?"

"పరిశీలనలో ఉందమ్మా."

"అంటే ఉన్నట్టా, లేనట్టా?"

ఫోను పెద్దాయనకు ఇచ్చాను. అప్పటికి ఆయన పంతం పట్టి ఉన్నారు. తాలు సంగతి తేల్చకుండా వదిలేది లేదని అందరితో అంటున్నారు. ఆయన మనసులో పని అయిపోయినట్టే ఉంది. "ఉన్నట్టేనమ్మా. ఇంకొన్నాళ్ళు ఆగు" అన్నారు. అబద్ధం చెబుతున్నానని ఆయన అనుకోలేదు.

రెండు సంచులు

నియోజకవర్గం నుంచి ఢిల్లీ వెళ్ళేటప్పుడు మా సామానులో రెండు సంచులు అదనంగా చేరాయి. ఒకదాంట్లో వడ్ల తాలు. ఇంకోదాంట్లో బిస్కెట్ డబ్బాలోని అంజమ్మ తాలు. పథకం చూసే పెద్ద అధికారిని ఆయన గదిలోనే కలుద్దామని పెద్దాయన పట్టు పట్టారు.

గేటు దగ్గర భద్రతా సిబ్బంది ఆపారు. మిరపకాయలు లోపలికి తీసుకెళ్ళకూడదన్నారు. ఎందుకన్నాం. కళ్ళలో కొట్టే ప్రమాదం ఉందన్నారు. పెద్దాయన తన గుర్తింపు కార్డు చూపించి, ఎవరి కళ్ళలో కొట్టాలో తనకు ఇంకా తెలియదని, తెలిస్తే ముందు వాళ్ళకే చెబుతానని హిందీలో చెప్పారు. ఆయన హిందీ వాళ్ళకు ఎంత అర్థమైందో తెలియదు కాని వదిలేశారు.

అధికారి గోధుమ ప్రాంతం మనిషి. మంచివాడే. పెద్దాయన మొదటి సంచి విప్పి వడ్ల తాలు బల్ల మీద పోసి ఉఫ్ మని ఊదారు. అది గదంతా ఎగిరింది. "ఇది పొట్టు" అన్నారు. రెండో సంచి విప్పి మిరప తాలు పోసి మళ్ళీ ఊదారు. అది కదల్లేదు కాని దానితోపాటు ఉన్న కారపు ధూళి లేచింది. అధికారి తుమ్మాడు. టీ తెచ్చిన మనిషి తుమ్మాడు. నేను తుమ్మాను. పెద్దాయన తుమ్మలేదు, పుట్టినప్పటి నుంచీ అలవాటు. ఏసీ గది కావడంతో ఆ ఘాటు బయటికి పోలేదు. కాసేపటికి అధికారి కళ్ళు తుడుచుకుని, ఇది పొట్టు కాదని ప్రభుత్వం తరఫున ఒప్పుకుంటున్నానన్నాడు.

ఇక మిగిలింది మాట. ఇంగ్లీషులో ఏమని రాయాలి? రంగు మారిన కాయ అందామన్నాం. అలా రాస్తే రేపు ఉల్లిపాయలవాళ్ళు, మామిడికాయలవాళ్ళు కూడా రంగు మారిందంటూ వస్తారన్నారు. వానకు తడిసిన కాయ అందామన్నాం. తడిసినట్టు సర్టిఫికెట్ ఎవరిస్తారని అడిగారు. దెబ్బతిన్న కాయ అంటే ఆహార భద్రత వాళ్ళు ఒప్పుకోరు. ఈ చర్చ ఆ ఒక్క రోజుతో తెగలేదు. పెద్దాయన ఢిల్లీలో ఉన్నప్పుడల్లా వెళ్ళి కూర్చునేవారు. మా పార్టీ పెద్దలు ఆయన్ని వేరే పెద్ద చర్చల్లో మాట్లాడమంటే, పని ఉందని తప్పించుకునేవారు. చివరికి ఏ మాటా కుదరక, పథకం ఉత్తర్వులో తాలు అన్న మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, కింద అది మిరపలో ఏమిటో వివరంగా పెట్టారు.

ఇన్నేళ్ళలో పెద్దాయన సభలో చేసిన ప్రసంగాలన్నీ కలిపినా దేశ విధానంలో ఒక వాక్యం మారిన గుర్తు నాకు లేదు. ఈ ఒక్క మాట మాత్రం చేరింది. మీరు చేరబోయే ఉద్యోగంలో జాతీయ విధానం అంటే చాలావరకు ఇదే. ఒక మాటకు అర్థం రాయించడం కోసం ఒక మనిషి గుమ్మాల్లో కూర్చోవడం. పేపర్లో రాదు. పార్టీవాళ్ళు మెచ్చుకోరు. కాని చేయదగిన పని.

ఒక్క లోటు ఉంది. ఉత్తర్వు వచ్చేసరికి కల్లాలు ఎప్పుడో ఎత్తేశారు. పొలాల్లో మళ్ళీ నారు పోస్తున్నారు.

చీమకుర్తి

ఆ సంగతి మొట్టమొదట అంజమ్మకే చెప్పాలని పెద్దాయన అన్నారు. సంతోషంగా ఆమె ఊరు వెళ్ళాం. ఇంటికి తాళం. పక్కింటామె గుమ్మంలోకి వచ్చి, "ఉగాది పోయినాక చీమకుర్తి పోయారండీ. కాయ అమ్మకుండా ఆగింది. ఆగేసరికి బూజు పట్టింది. ముందు అడిగిన యాపారి కూడా వద్దన్నాడు. చేను ఇంకోళ్ళు చేస్తున్నారు" అని చెప్పింది.

చీమకుర్తి మా నియోజకవర్గం కాదు. ఒక ఎంపీ ఇంకో ఎంపీ ప్రాంతానికి వెళ్ళేటప్పుడు ముందు ఫోను చేయడం పద్ధతి. చేస్తానన్నాను. పెద్దాయన వద్దన్నారు.

అక్కడ దారి పొడుగునా గ్రానైటు దిమ్మెలు మోసుకెళ్ళే లారీలు. చెట్ల మీద, కొట్ల మీద, మనుషుల మీద ఒకటే తెల్లటి పొడి. ఆమె ఒక కోత మిషన్ల షెడ్డు వెనక రేకుల కింద, వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలకు వంట చేస్తోంది. భర్త రాళ్ళ దగ్గర పనిలో ఉన్నాడు. పెద్దాయన్ని చూసి కంగారుగా లేచి, ఒక బకెట్టు బోర్లించి కూర్చోమంది. ఆయన కూర్చోలేదు.

"అమ్మా, తాలు పథకంలోకి వచ్చింది. ఇక ఎప్పుడు ధర పడినా తాలుకు కూడా వర్తిస్తుంది. నీ తాలు తీసుకెళ్ళి చూపిస్తేనే అయ్యింది" అన్నారు.

"మంచిదయ్యా. ఎవురికో ఒకరికి పనికొచ్చిద్ది."

"నువ్వు ఇంకొంచెం ఆగుంటే..."

"ఆగబట్టే గదయ్యా పోయింది" అంది అంజమ్మ.

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే మాకు తేలిగ్గా ఉండేది. గరిటె కుండ మీద పెట్టి చెయ్యి చెంగుకు తుడుచుకుంది.

"మీరు చూద్దామన్నారు. నేను చూస్తా కూర్చున్నా. లేదని ఆ రోజే చెప్పుంటే ఆ రోజే అమ్ముకునేదాన్ని. చేనన్నా ఉండేది." ఆ తర్వాత మామూలుగా, "అన్నం తింటారా? కూర అయిపోవచ్చింది" అని అడిగింది.

పెద్దాయన ఆకలి లేదన్నారు. పొద్దున్నించీ ఆయన ఏమీ తినలేదని నాకు తెలుసు. నాకు చాలా బాధేసింది. అక్కడి నుంచి ఎంత తొందరగా వెళ్ళిపోదామా అనిపించింది. కారు అద్దంకి దాటాక ఆయన కిటికీలోంచి చూస్తూనే అడిగారు.

"శాస్త్రీ, ఆ మాట నేను ఎన్నిసార్లు అనుంటానంటావు?"

"లెక్కపెట్టలేదండి."

"ఇక అనను" అన్నారు.

అవును, కాదు

అన్నట్టే మానేశారు. ఆ తర్వాత మా ఆఫీసు పని మూడొంతులు తగ్గింది, గొడవలు మాత్రం బాగా పెరిగాయి. వచ్చినవాళ్ళకు అయ్యే పనైతే అవుతుందని, కానిదైతే కాదని అక్కడికక్కడే చెప్పేసేవారు. ఒక ఊరి పెద్దలు తమ స్టేషనులో ఎక్స్‌ప్రెస్ ఆపాలని పూలదండతో వచ్చారు. "ఆగదయ్యా. మీ ఊరి నుంచి రోజుకి ఎక్కేవాళ్ళు ఒక్క ఆటోలో పడతారు. దానికోసం రైలు ఆపరు" అన్నారు పెద్దాయన. వాళ్ళు దండ తిరిగి తీసుకెళ్ళారు. సాయంత్రానికి అదే దండ ప్రతిపక్ష నాయకుడి మెడలో ఉందని, ఆయన చూద్దాం అన్నారని మాకు తెలిసింది.

పెద్దాయనకు పొగరెక్కిందని ఊళ్ళలో అనుకోవడం మొదలైంది. నేనొకసారి నెమ్మదిగా, కాదని చెప్పినా కాస్త మెత్తగా చెప్పొచ్చు కదా అన్నాను. "మెత్తగా చెబితే మళ్ళీ అది చూద్దాం అయిపోయిద్దయ్యా" అన్నారు. ఆయన చెప్పింది నిజమే. నేను ప్రయత్నించి చూశాను.

ఎన్నికలు వచ్చాయి. ప్రచారంలో ఆయన కనిపించినవాళ్ళందరినీ గెలుస్తామంటారా అని అడిగేవారు. మెజారిటీ ఎంతన్నదే ప్రశ్న అన్నారు అందరూ. పోలింగు రోజు పెద్దాయన సొంత ఊరి చుట్టుపక్కల పోలింగు బూత్‌లు చూసుకుంటూ వెళ్తుంటే, అంజమ్మ ఓటేసి వస్తూ ఎదురైంది. ఓటు కోసం చీమకుర్తి నుంచి బస్సులో వచ్చింది.

"ఏమ్మా, గెలుస్తామంటావా?" అని ఆమెనూ అడిగారు.

"గెలవరయ్యా" అంది అంజమ్మ. "నేనైతే మీకే వేశా. కానీ గెలవరు. బస్సులో అందరూ అనుకోవడం విన్నా."

చుట్టూ ఉన్న కార్యకర్తలు ఆమెను కసిరారు. పెద్దాయన వాళ్ళను ఆపి, చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వారు.

ఫలితాల తర్వాత

ఓడిపోయాం. పేపర్లవాళ్ళు చాలా కారణాలు రాశారు, కులమన్నారు, గాలన్నారు. దండ గురించి ఎవరూ రాయలేదు.

ఓడిన నాయకుడి ఇల్లు ఎలా ఉంటుందో మీరు ఎప్పటికైనా చూస్తారు కనుక వర్ణించను. మూడోనాటికి షామియానా మనిషి వచ్చి కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పెడుతున్నాడు. పెద్దాయన, నేను వరండాలో కూర్చుని ఉన్నాం. నా ఉద్యోగం కూడా ఆయన పదవితోపాటే పోయింది. ఆయన ఇక పోటీ చేయనని, నేను ఇక ఎవరి దగ్గరా చేయనని అప్పటికే అనుకున్నాం. ఫోను బల్ల మీద ఉంది. మోగలేదు.

అంజమ్మ గేటు తీసుకుని వచ్చింది. మిగిలిన ఒక్క కుర్చీ లాక్కుని తనే కూర్చుంది.

"గెలవరని చెప్పా కదయ్యా."

"చెప్పావు. నువ్వొక్కదానివే చెప్పావు."

"ఇప్పుడు మీకు తీరికే కదా, ఒక మాట అడగనా? మా ఊరి పక్కన మీ చేను ఉంది గదా. చేసేటాయన టౌనుకి పోతున్నాడంట, ఈ ఏడు వదిలేస్తున్నాడంట. మాకు కౌలుకిస్తారా? మిరప వేసుకుంటాం. ఇస్తే ఇస్తానని చెప్పండి, ఇయ్యకపోతే ఇయ్యనని చెప్పండి. రేపు మళ్ళీ పనికి పోవాలి."

"చూ..." అన్నారు పెద్దాయన.

అలవాటు అంత తొందరగా పోదు. నేను విన్నాను, అంజమ్మా విన్నది. ఆమె ఆయన మొహంలోకి చూస్తూ కూర్చుంది. పెద్దాయన నోరు మూసుకున్నారు. కండువాతో మొహం తుడుచుకున్నారు.

"ఇస్తానమ్మా" అన్నారు.

"తాలొస్తే?"

"తాలొస్తే తాలే తల్లీ. చేను నీదే."

అంజమ్మ సరేనంది. కుర్చీ షామియానా మనిషికి తనే అందించి, చీమకుర్తి బస్సు పోతుందని వెళ్ళిపోయింది.

పెద్దాయన ఎంపీగా ఉండగా ఇచ్చిన హామీలన్నిటికీ నకళ్ళు నేనే తీసి పెట్టాను. ఎంపీ కాకుండా పోయాక ఇచ్చిన ఈ మొదటి హామీకి నకలు లేదు. ఆ చేలో ఇప్పుడు మిరప ఉంది.